వంటింటి పదార్థాలతో బాలల కళాబోధన

నిర్వచనం, పరిధి

రేఖ, రంగు, రూపం, కూర్పు వంటి కళాంశాలను తినే పదార్థాల ద్వారా పిల్లలకు నేర్పే పద్ధతి ఇది. బంకమట్టి చేసే పని ఇక్కడ పిండి చేస్తుంది. నీటిరంగు బదులు బీట్‌రూట్ రసం, చెక్క దిమ్మె బదులు బెండకాయ ముక్క వాడతారు. తయారైనదాన్ని చివరకు తినవచ్చు. అయితే తినడం ఈ పద్ధతికి షరతే తప్ప లక్ష్యం కాదు.

దీన్ని వంట నేర్పడంతోనూ, విందు బల్ల అలంకరణతోనూ కలిపి చూడటం మామూలు. వంటలో రుచి కుదిరిందా అని చూస్తారు, అలంకరణలో చూసేవాళ్ల మెప్పు చూస్తారు. ఇక్కడ చూడవలసింది పిల్లల చెయ్యి ఏం నేర్చిందన్నది. పిల్లవాడు వత్తిన జంతిక వంకరపోయినా సరే, ఎందుకు వంకరపోయిందో వాడికి తెలిస్తే పాఠం అందినట్టే.

ఆహారంతో చేసినా తినకూడని వస్తువులు ఈ పరిధిలోకి రావు. రెండు పాళ్ల మైదా, ఒక పాలు ఉప్పు, ఒక పాలు నీళ్లు కలిపి చేసే ఉప్పు ముద్ద ఆరితే రాయిలా గట్టిపడుతుంది, బొమ్మలకు బాగుంటుంది, నోట పెట్టడానికి పనికిరాదు. పిల్లలందరికీ తెలిసిన ప్లే-డో కూడా అంతే. అమెరికాలోని సిన్సినాటిలో గోడకాగితాల మసి తుడిచే ముద్దగా పుట్టి, 1956లో ఆటవస్తువుగా మార్కెట్లోకి వచ్చిన ఆ పదార్థంలో పిండి, ఉప్పు ఉన్నా అది తిండి కాదు.

చరిత్ర

చిత్రకారుడి పెట్టెకూ వంటింటి అలమరకూ మధ్య గోడ లేచి ఎంతో కాలం కాలేదు. ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని 1400 ప్రాంతంలో రాసిన చేతిపుస్తకంలో, గుడ్డు పచ్చసొనతో రంగులు కలిపే తీరు వివరంగా ఉంది. రబ్బరు ముక్కలు 1770 ప్రాంతంలో అమ్మకానికి వచ్చేదాకా యూరప్‌లో పెన్సిలు గీతలను రొట్టె ముక్కతో చెరిపేవారు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో తడుపుతారు. నల్లగీతకు వాడే రంగు బెల్లం, ఇనుప ముక్కలు నీళ్లలో కలిపి రోజుల తరబడి పులియబెడితే వస్తుంది. చేర్యాల నకాషీ పటాల బట్టకు పట్టించే పూతలో గంజి, ఉడికించిన చింతగింజల పిండి ఉంటాయి.

పిల్లల చదువులోకి ఈ ఆలోచనను తెచ్చినవారిలో మొదట చెప్పవలసినవాడు జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో ఆయన తెరిచిన శిశువిద్యాలయానికి 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఫ్రోబెల్ పద్ధతిలో పిల్లలు చేసే చేతిపనుల్లో కాగితం మడవడం, అల్లిక, మట్టిపనితోపాటు బఠానీల పని కూడా ఉండేది. నానబెట్టిన బఠానీలను సన్నని పుల్లల కొసలకు గుచ్చి ఇళ్లు, మేడలు కట్టేవారు. బఠానీలు ఎండేకొద్దీ ముడుచుకుని పుల్లను బిగించి పట్టుకుంటాయి కాబట్టి మర్నాటికి కట్టడం మరింత గట్టిపడేది. అమెరికన్ రూపశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్‌కు చిన్నప్పుడు చూపు మందం. తోటిపిల్లలు ఇళ్లను చూసి చతురస్రాలు కడుతుంటే, ఆయన చేతికి గట్టిగా తోచిన త్రిభుజాలతో చట్రం కట్టాడట. ఆ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. త్రిభుజాల మీద నిలిచే జియోడెసిక్ గోపురాలతో ప్రపంచానికి తెలిసిన మనిషి నోటి మాట కనుక, కళావిద్య మీద రాసేవారు ఆ బఠానీలను తరచూ తలచుకుంటారు.

మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్‌లో తెరిచిన బాలల గృహంలో పోయడం, తరగడం, తుడవడం వంటి ఇంటిపనులూ పాఠాలే. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడంతో ఈ ధోరణి దక్షిణ భారతానికి నేరుగా అందింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీలోని రెజ్జో ఎమీలియాలో లోరిస్ మలగుజ్జి ప్రోత్సాహంతో శిశువిద్యాలయాల్లో కళాగదులు, అంటే పిల్లలు పదార్థాలతో పనిచేసే గదులు ఏర్పడ్డాయి. ఆయన పేరిట అక్కడున్న అంతర్జాతీయ కేంద్రంలో రుచులకే ఒక ప్రత్యేక కళాగది ఉంది. ఫ్రాన్స్‌లో జాక్ ప్యుజె 1970లలో బడిపిల్లలకు రుచి తరగతులు మొదలుపెట్టాడు. అమెరికాలో మాలీ కాట్జెన్, ఆన్ హెండర్సన్ 1994లో తెచ్చిన ‘ప్రిటెండ్ సూప్’ చదవడం రాని పిల్లలు కూడా అనుసరించేలా ప్రతి వంటనూ బొమ్మల వరుసలో చూపింది.

మన దేశంలో బడి కన్నా ఇల్లే ముందు నడిచింది. పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్ ప్రాంతపు స్త్రీలు రుబ్బిన మినప్పిండిని బట్టలో మూటగట్టి, పళ్లెంలో పరచిన గసగసాల మీద నగల ఆకారంలో వడియాలు పెడతారు. గొయ్‌నా బొరి అనే ఈ వడియాలను చూసి ముచ్చటపడ్డ రవీంద్రనాథ్ ఠాగూర్, వాటి ఫోటోలను శాంతినికేతన్ కళాభవన్‌లో భద్రపరచాలనుకున్నారు.

పిండిపని, శిల్పం (చూ. కుమ్మరం)

చేతితో మట్టిపాత్ర చేయడానికి మూడు మూల పద్ధతులున్నాయి. ముద్దలో బొటనవేలు దించి గోడలు పలచన చేయడం ఒకటి, మట్టిని తాడులా పేని చుట్టలు చుట్టడం మరొకటి, పలకగా పరచి కోసి అతకడం ఇంకొకటి. తెలుగింటి పిండివంటల్లో ఈ మూడూ ఉన్నాయి. పూర్ణం పెట్టే కుడుముకు పిండిని దొన్నెలా చేయడం మొదటిది, పాలతాలికలకు పిండిని అరచేతుల మధ్య పేనడం రెండవది, కజ్జికాయలకు వత్తిన పూరీ మూడవది. కజ్జికాయ అంచును తడిచేసి, నొక్కి, వేళ్లతో మడత మడతగా అల్లడం చూసిన పిల్లకు, కుమ్మరి రెండు ముక్కల అంచులు గీరి పల్చని బురద పూసి ఎందుకు అతుకుతాడో విడిగా చెప్పనక్కర్లేదు.

పిండి స్వభావాన్ని తెలుసుకోవడం ఈ పాఠంలో పెద్ద భాగం. గోధుమపిండిలో గ్లూటెన్ ఉంటుంది. అది ముద్దను సాగేలా చేస్తుంది, వదిలితే వెనక్కి లాగుతుంది. అందుకే గోధుమపిండితో చేసిన పక్షి ముక్కు కాసేపటికి మొద్దుబారిపోతుంది. బియ్యప్పిండిలో గ్లూటెన్ లేదు. ఇచ్చిన ఆకారం నిలుపుకుంటుంది కానీ చల్లటి నీళ్లతో కలిపితే పగుళ్లు తీస్తుంది. మరిగే నీళ్లలో పిండి పోసి కలియబెడితే అందులోని పిండిపదార్థం ఉబ్బి జిగురు పుడుతుంది. ఈ తేడాను పిల్లలు తమ వేళ్లతో తెలుసుకున్నాక, ఏ బొమ్మకు ఏ పిండి అన్న ప్రశ్న వాళ్లే వేస్తారు.

తెలుగు వంటిళ్లలో ఇందుకు అచ్చంగా సరిపోయే ముద్ద చలిమిడి. తడి బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి, యాలకులు, కొబ్బరి చేర్చిన పాకం చలిమిడి చల్లారాక వేలిముద్ర కూడా పట్టుకునేంత మెత్తగా ఉంటుంది. కడుపు చలవకని ఆడపిల్లకు పెట్టి పంపే ఈ ముద్దతోనే వేంకటేశ్వరుడికి ప్రమిదలు చేసి దీపాలు వెలిగిస్తారు. బొమ్మలకైతే కొబ్బరి ముక్కలు వేయకపోవడమే మంచిది. ఇంట్లో ఏ పూజ జరిగినా ముందుగా పసుపు ముద్దతో చేసే గణపతిని చాలామంది తెలుగు పిల్లల తొలి శిల్పమని చెప్పవచ్చు. కళ్లు, ముక్కు లేకుండా ఒక శంకువు ఆకారం దేవుడవుతుందని అక్కడే తెలుస్తుంది.

గరుకుదనం నేర్పడానికి గవ్వలను మించిన వంటకం దొరకదు. చిన్న పిండి ఉండను గాట్ల చెక్క మీద బొటనవేలితో నొక్కుతూ జరిపితే, ఉండ ముడుచుకుంటూ వీపున గీతలు దిద్దుకుంటుంది. చెక్క లేకపోతే ఫోర్కు వెనకభాగం, కొత్త దువ్వెన వాడతారు. సిసిలీలో బాదంపిండి, చక్కెరల ముద్దతో పళ్లను అచ్చుగుద్దినట్టు చేసే సంప్రదాయం ఉంది. నిమ్మతొక్క మీది గుంతల్ని, పీచ్ పండు మీది నూగును చూపే ఆ మిఠాయి పాలెర్మోలోని మార్టొరానా మఠం పేరుతో ప్రసిద్ధం.

రంగు (చూ. వర్ణచక్రం, సహజవర్ణాలు)

బీట్‌రూట్ ఎరుపు, పసుపు, నానబెట్టిన శంఖుపుష్పం నీలం ఉంటే వర్ణచక్రం పూర్తిచేయవచ్చు. పసుపులో శంఖుపుష్పం నీళ్లు కలిపితే ఆకుపచ్చ, బీట్‌రూట్ రసం కలిపితే నారింజ వస్తాయి. తెల్లదనానికి పెరుగు. ఒకే కొలత పెరుగున్న గిన్నెల్లో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది చుక్కల బీట్‌రూట్ రసం వేస్తే లేత గులాబీ నుంచి ముదురు దాకా మెట్లు ఏర్పడతాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు వేస్తే చివరి గిన్నెల మధ్య తేడా కంటికి సరిగా ఆనదు. ఛాయల మెట్లు కంటికి సమానంగా కనిపించాలంటే రంగును రెట్టిస్తూ పోవాలన్న సంగతి నీటిరంగుల తరగతిలో కన్నా పెరుగు గిన్నెల్లో తేలిగ్గా పట్టుబడుతుంది.

వంటింటి రంగులు సీసాలో రంగుల్లా ఒకచోట నిలవవు. శంఖుపుష్పం నీళ్లలో నిమ్మరసం పిండితే నీలం ఊదాగా మారుతుంది. పసుపులో కాస్త వంటసోడా పడితే ఎర్రబడుతుంది, నిమ్మరసం తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. పసుపు, సున్నం కలిస్తే పారాణి ఎర్రనవడానికీ ఇదే కారణం. బీట్‌రూట్ రంగు ఎక్కువసేపు మరిగితే గోధుమవర్ణంలోకి దిగిపోతుంది, పులుపు ఉంటే కొంత నిలుస్తుంది. క్యారెట్ రంగు నీళ్లకన్నా నెయ్యిలో బాగా దిగుతుంది. హల్వా అంచున తేలే నెయ్యి నారింజగా కనిపించేది అందుకే.

కుంచె పని నేర్పడానికి ఎక్కువగా వాడేది బ్రెడ్ ముక్క. చెంచాడు పాలలో రంగు కలిపి, వంటకే కేటాయించిన కొత్త కుంచెతో బ్రెడ్ మీద బొమ్మ వేసి పెనం మీద కాలుస్తారు. కుంచెలో పాలు ఎక్కువైతే రొట్టె నాని రంగు పాకుతుంది, తక్కువైతే గీత తెగిపోతుంది. నీటిరంగులు వేసేవారికి జీవితాంతం ఉండే తంటా కూడా ఇదే, తడిని అదుపులో పెట్టడం.

గీత (చూ. ముగ్గు, కలంకారీ)

బొటనవేలు, చూపుడువేలు మధ్య బియ్యప్పిండి పట్టి ముగ్గు గీసే చేతికి గీత మందాన్ని నిర్ణయించేవి మూడు: వేళ్ల ఒత్తిడి, చెయ్యి వేగం, నేల నుంచి ఎత్తు. జిలేబీ బట్టకైనా, కేకు మీద క్రీము వేసే కోనుకైనా, చైనాలో పాకంతో పలక మీద జంతువుల బొమ్మలు గీసే వీధి మిఠాయివాళ్ల గరిటెకైనా ఈ మూడే సూత్రాలు. పళ్లెంలో పిండి పరచి వేలితో గీయించడం, తర్వాత చుక్కలు పెట్టించి పళ్లెంలోనే ముగ్గు వేయించడం, ఆపైన పలుచని దోసెపిండిని చిన్న చిల్లు ఉన్న సీసాతో చల్లటి పెనం మీద పోయించడం ఒక మంచి వరుస. పొయ్యి వెలిగించేది పెద్దవాళ్లు. పెనం వేడెక్కాక మరికొన్ని గీతలు పోయిస్తే, ముందు పోసిన గీత ముందు కాలి ముదురుతుంది కనుక, దోసె తిరగేసినప్పుడు ఏ గీత ముందుదో రంగే చెబుతుంది.

బిస్కెట్ల మీద చక్కెర పూత వేసేవారు ముందు గట్టి మిశ్రమంతో అంచు గీసి, అది ఆరాక లోపల పలుచని మిశ్రమం నింపుతారు. ముందు కలంతో రేఖ, తర్వాత రంగు నింపే కలంకారీ పనివారి క్రమమూ అదే.

అచ్చు, ముద్ర

అడ్డంగా కోసిన బెండకాయ అయిదు రేకుల పువ్వునిస్తుంది, తామరతూడు చిల్లుల చక్రాన్నిస్తుంది. బీట్‌రూట్ రసంలో అద్ది చపాతీ మీద గుద్దితే తినే ముద్ర తయారవుతుంది. కుడి ఎడమలు తారుమారు కావడం పిల్లలకు ఇక్కడ మొదటి ఆశ్చర్యం. క్యారెట్ బిళ్లలో తమ పేరులోని మొదటి అక్షరం చెక్కి ఒత్తిచూస్తే అది తిరగబడి కనిపిస్తుంది. అచ్చులో గుంత ఉన్నచోట వస్తువులో ఉబ్బు వస్తుందన్నది రెండో పాఠం. చెక్క అచ్చుల్లో పాకం పోసి తీసే పంచదార చిలకలు దీనికి చక్కటి ఉదాహరణ. పాకం పని పిల్లలది కాదు. చల్లారాక అచ్చు విప్పే పని మాత్రం వాళ్లకే ఇవ్వాలి.

గులాబీ పువ్వుల అచ్చు చూపించడం వేరే రకం పాఠం. ఇనుప అచ్చును ముందు నూనెలో కాచి, పిండిలో ముప్పాతిక వంతు మాత్రమే ముంచాలి. పూర్తిగా మునిగితే పిండి పైకెక్కి పువ్వు ఊడదు. అచ్చు నుంచి వస్తువు విడిపడే దారి ముందే ఆలోచించి ఉంచాలన్నది పోతపోసే శిల్పులందరి నియమం.

కూర్పు, నిర్మాణం

కూరగాయలతో ముఖాలు కూర్చిన చిత్రకారుడిగా ఇటలీకి చెందిన జుసెప్పె ఆర్చింబోల్డోను పిల్లలకు పరిచయం చేస్తారు. చక్రవర్తి రెండవ రుడాల్ఫ్‌ను పండ్లు, కూరలు, పూలతో వెర్టుమ్నుస్ దేవుడిగా చూపిన ఆయన చిత్రం 1591 నాటిది. పళ్లెంలో దొండకాయ కనుబొమ్మలు, టమాటా బుగ్గలు పెట్టేముందు ఆ చిత్రాన్ని చూపిస్తే, ఒక ముక్కను దగ్గరగా చూస్తే కూరగాయగానూ దూరంగా చూస్తే ముఖంగానూ కనిపించే తమాషా అర్థమవుతుంది. జపాన్ తల్లులు పిల్లల భోజనపు డబ్బాలో అన్నం, సముద్రపు నాచుతో కార్టూన్ పాత్రలు కూర్చే క్యారాబెన్ కూడా ఈ వర్గంలోదే.

నిర్మాణానికి ఫ్రోబెల్ బఠానీల బదులు నానబెట్టిన శనగలు చక్కగా పనికొస్తాయి. చతురస్రం చేసి మూలన నొక్కితే పక్కకు వాలిపోతుంది, ఒక కర్రపుల్ల ఐమూలగా గుచ్చితే నిలుస్తుంది. యూరప్‌లో అల్లపు రొట్టె ఇళ్లు ఈ పాఠానికి వాడతారు. 1812లో గ్రిమ్ సోదరుల సంపుటిలో హాన్సెల్, గ్రెటెల్ కథ అచ్చయ్యాక వాటికి ప్రచారం బాగా పెరిగింది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు మడత పాఠానికి తగినవి. అంత పలుచని రేకును చిరగకుండా చుట్టగలిగిన పిల్లవాడికి కాగితం మడవడం ఏమంత కష్టం కాదు.

వయసు

విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువరించిన పుస్తకంలో పిల్లల చిత్రకళ ఎదిగే దశలను గుర్తించాడు. రెండు నుంచి నాలుగేళ్లు పిచ్చిగీతల దశ, ఏడేళ్ల వరకు గుర్తులు రూపుకట్టే దశ, తొమ్మిదేళ్ల వరకు స్థిరమైన గుర్తులతో బొమ్మలు వేసే దశ. వంటింటి పని కూడా ఈ మెట్లనే అనుసరిస్తుంది. చిన్నవాళ్లకు పిసకడం, చింపడం, పళ్లెంలో పెరుగు పూయడం చాలు. అయిదేళ్ల పిల్లలు పేనగలరు, ముద్ర వేయగలరు. కోను పట్టడానికి ఏడెనిమిదేళ్ల చెయ్యి కావాలి. పాళ్లు మార్చి ఫలితం పోల్చడం పదేళ్లు దాటినవారి పని.

జాగ్రత్తలు

పచ్చి గోధుమపిండి, మైదాలను తినకూడదు. వాటిలో హానికర బాక్టీరియా ఉండవచ్చు. 2016లో అమెరికాలో ఇ.కోలి అనే బాక్టీరియా కారణంగా పెద్దఎత్తున మైదాను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. పచ్చి గుడ్డు తెల్లసొనతో పూతలు కూడా పిల్లలకు తగవు. నాలుగేళ్లలోపు వారికి గుండ్రని ద్రాక్ష, వేరుశనగ గింజలు, నానిన శనగలు గొంతుకడ్డం పడతాయి. ఏడాదిలోపు పసిపిల్లలకు తేనె ఇవ్వరాదు. వేరుశనగ, బాదం, పాలు పడనివారు ఎవరైనా ఉన్నారా అని ముందే అడగాలి.

రంగుల విషయంలో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎనిమిది కృత్రిమ రంగులనే కొన్ని ఆహారాలకు, పరిమిత మోతాదులో అనుమతిస్తుంది. వాటిలో టార్ట్రాజిన్, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్, పాన్సో 4ఆర్ ఉన్న ఆహారాలపై, పిల్లల చురుకుదనం, ఏకాగ్రతలపై ప్రభావం ఉండవచ్చన్న హెచ్చరికను యూరోపియన్ యూనియన్ 2010 నుంచి తప్పనిసరి చేసింది. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, పుదుచ్చేరి పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించడానికి కారణం అందులో దొరికిన రోడమిన్-బి అనే బట్టల రంగు. బడిలో ఇంటి రంగులే వాడితే ఈ బెడద ఉండదు.

విమర్శలు

అన్నం పరబ్రహ్మస్వరూపమని నమ్మే సమాజంలో తిండితో ఆటలేమిటన్న అభ్యంతరం సహజం. తినకుండా పారేసే పనులకు అది పూర్తిగా వర్తిస్తుంది. పప్పుగింజలు జిగురుతో అంటించే అట్టముక్కల మీద విదేశీ శిశువిద్యా నిపుణులు కూడా ఇదే మాట అంటున్నారు. తినదగినదే చెయ్యాలి, చేసింది తినాలి అన్న నియమం ఆ విమర్శకు చాలావరకు జవాబు. చక్కెర మీద ఆధారపడిన నమూనాల విషయంలో మాత్రం ఆరోగ్యపరమైన అభ్యంతరం నిలుస్తుంది.

మరో విమర్శ కళాబోధకులది, ఇది ఇంకా బరువైనది. ముందే కోసిన బిస్కెట్, ముందే కలిపిన పూత, ఎదుట పెట్టిన నమూనా ఇచ్చి ముప్పై మంది చేత ఒకేలాంటి కోడిపిల్లను చేయిస్తే అందులో మెళకువ ఉండదు, ఎంపిక ఉండదు. దుకాణాల్లో దొరికే పెట్టెల్లో చాలావాటి లోపం ఇదే.

బడుల్లో స్థితి

కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2019లో ఒకటి నుంచి పన్నెండు తరగతుల వరకు కళావిద్యకు వారానికి కనీసం రెండు పీరియడ్లు కేటాయించాలని కోరింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పాకకళను పరిచయం చేయాలని కూడా అప్పుడే సూచించింది. తెలుగు రాష్ట్రాల ప్రైవేటు పాఠశాలల్లో ‘నిప్పులేని వంట’ పోటీలు ఇప్పుడు మామూలే. వాటిలో సాధారణంగా రుచికి, అలంకరణకు, శుభ్రతకు మార్కులు వేస్తారు. పిల్ల ఏ మెళకువ ప్రయత్నించింది, పదార్థం మాట విననప్పుడు ఏం మార్చి చూసింది అన్నదానికి కూడా ఒక గడి కేటాయిస్తే, అదే పోటీ కళాతరగతిగా కూడా లెక్కకు వస్తుంది. అందుకు కొత్త సామగ్రి ఏదీ అక్కర్లేదు, ఉపాధ్యాయులు పట్టికలో ఒక వరుస చేర్చితే చాలు.